వీకెండ్ తప్ప టైమ్ లేని ఉద్యోగికి రియల్ ఎస్టేట్ మెంటార్ ఎక్కడ దొరుకుతాడు?

ప్రశ్న: నేను నానక్‌రామ్‌గూడలో ఐటీ మేనేజర్‌ని. మా ఆవిడ డాక్టర్, ఆమెకి షిఫ్టులు. ఇద్దరం కలిసి 60 లక్షల దాకా దాచాం. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటో ఫ్లాటో తీసుకుందామంటే ఏమీ తెలియదు, ఆదివారం తప్ప టైమ్ ఉండదు. మొన్న ఒక హోటల్లో ఫ్రీ సెమినార్‌కి వెళ్తే, లక్షన్నర కడితే ఏడాది పాటు మెంటార్‌గా ఉంటామన్నారు. మా కొలీగ్ వాళ్ల బాబాయ్ షాద్‌నగర్ వైపు ప్లాట్లు చేస్తుంటారు, ఆయన్ని అడగాలా? నమ్మకమైన మెంటార్‌ని ఎలా పట్టుకోవాలి?

సమాధానం:

ముందు లక్షన్నర సంగతి తేల్చేద్దాం. కట్టకండి. ఫీజు ఎక్కువని కాదు, మంచి సలహాకి లక్షన్నర పెద్ద డబ్బేమీ కాదు. చూడాల్సింది ఆయనకి ఇంకా ఎక్కడి నుంచి డబ్బు వస్తుందన్నది. ఇలాంటి సెమినార్లలో టీ బ్రేక్ తర్వాత ఏదో ఒక వెంచర్ బ్రోచర్ బయటికి వస్తుంది, "మన మెంబర్లకి మాత్రమే ఈ రేటు" అంటారు. వెంచర్ మార్కెటింగ్‌లో కమీషన్ గజానికి ఇంత అని మాట్లాడుకుంటారు. గజానికి వెయ్యి అనుకున్నా 200 గజాల ప్లాటు మీద రెండు లక్షలు. మీరిచ్చిన ఫీజు కన్నా మీ చేత కొనిపిస్తే వచ్చేదే ఎక్కువైనప్పుడు, "ఇది వద్దు బాబూ" అనే మాట ఆయన నోట రమ్మన్నా రాదు.

నేను బ్యాంకులో హౌసింగ్ లోన్ల సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగానే నేనూ కొన్నాను, కొన్ని అమ్మాను, ఒక ఫ్లాటు ఇప్పటికీ అద్దెకి నడుస్తోంది. లోన్ కోసం నా టేబుల్ మీదికి వచ్చిన ఫైళ్లు చూసి నేర్చుకున్నంత ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. మీలాంటివాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, అందరికీ మొదట ఒకటే చెప్తాను: మెంటార్ అని ఒకే మనిషిని వెతక్కండి. మీరు కొన్నా కొనకపోయినా తేడా పడనివాళ్లు ముగ్గురు నలుగురిని పట్టుకుని, వాళ్ల దగ్గరికి ఖాళీ చేతులతో కాకుండా ఒక ఆస్తి తాలూకు కాగితాలతో వెళ్లండి. ఊరికే "సార్, ఎక్కడ పెట్టమంటారు?" అంటే ఎంత పెద్దమనిషైనా గాలి మాటలే చెప్తాడు. ఫైల్ ముందు పెడితే అదే మనిషి గంటసేపు కదలడు.

షేర్ల మీద డబ్బు తీసుకుని సలహా ఇవ్వాలంటే షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టర్ కావాలి. స్థలాల మీద మెంటార్ అని బోర్డు పెట్టుకోవడానికి అలాంటి అర్హత ఏదీ అక్కర్లేదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) పరిధిలోని ప్రాజెక్టుల్లో అమ్మిపెట్టే ఏజెంట్‌కి మాత్రం 2016 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. కాబట్టి మెంటార్ అని చెప్పుకుంటూ ప్రాజెక్టులు చూపిస్తుంటే ముందు ఆ నంబర్ అడగండి. "నేను ఏజెంట్‌ని కాను, గైడ్ చేస్తానంతే" అన్నారంటే, ఆ గైడింగ్‌కి బిల్డర్ ఏమిస్తున్నాడని అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు.

ఇక పనికొచ్చేవాళ్లు ఎవరంటే, నా లెక్కలో మొదటివాడు పాత డాక్యుమెంట్లు చదవడం వచ్చిన సివిల్ అడ్వకేట్. కోర్టులో గట్టిగా వాదించేవాడు కాదు మీకు కావాల్సింది. ఏళ్ల తరబడి బ్యాంకులకి టైటిల్ ఒపీనియన్లు (ఆస్తి మీద అమ్మేవాళ్ల హక్కు సరైందేనా అన్న అభిప్రాయం) రాసినవాడు కావాలి. మీ జీతం ఖాతా ఉన్న బ్రాంచిలో హోమ్ లోన్ చూసే ఆఫీసర్‌ని అడిగితే బ్యాంకు పెట్టుకున్న ప్యానెల్ లాయర్ల పేర్లు చెప్తారు. ఒక ఆస్తికి ఒపీనియన్ రాయడానికి తీసుకునేది వేలల్లోనే ఉంటుంది. అయితే మామూలుగా అందరూ చేసేది ఫైల్ ఇచ్చి రిపోర్ట్ తెచ్చుకోవడం. మీరు అలా చేయకండి. ఇంకొంచెం ఎక్కువ ఇస్తానని చెప్పి, ఆయన చదివేటప్పుడు పక్కన కూర్చుంటానని అడగండి. అసలు పాఠం అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చెప్తాను. తుర్కయంజాల్ వైపు ఒక ప్లాటు ఫైల్‌ని మా పరిచయస్తులైన ఒక జంటతో కలిసి నాకు తెలిసిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. రేటు బాగుంది, ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఏ తాకట్టూ లేదు, అమ్మేవాళ్లు మర్యాదస్థులు. ఆయన రేటు అడగలేదు, అమ్మేవాళ్ల పేరు కూడా చూడలేదు. లింక్ డాక్యుమెంట్లన్నీ (ఆ స్థలం ఇదివరకు చేతులు మారిన కాగితాలు) పాతవి పైన, కొత్తవి కింద వచ్చేలా సర్దుకుని, ప్రతిదాంట్లో చివరి పేజీల్లో ఉండే షెడ్యూల్ మాత్రం తిప్పారు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు నాలుగూ ఒక తెల్లకాగితం మీద పెన్సిల్‌తో వరుసగా రాసుకున్నారు. మొదటి డాక్యుమెంట్‌లో పడమర హద్దు "కుంట కట్ట". తర్వాతి దాంట్లో "బాట". అమ్ముతున్నవాళ్ల డాక్యుమెంట్‌లో "30 అడుగుల రోడ్డు". ఆయన పెన్సిల్‌తో కుంట కట్ట చుట్టూ సున్నా చుట్టి, "ఈ కుంట ఏమైందో కనుక్కుని రండి, తర్వాత మాట్లాడదాం" అని ఫైల్ మూసేశారు. అంతే. ఆ జంట మళ్లీ ఏ ఫైల్ చూసినా ముందు షెడ్యూలే తిప్పుతున్నారు.

ఆ సున్నా విలువ ఎంతో ఇప్పుడు అందరికీ తెలుసు. 2024 జూలైలో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) అనే మాట ఆటోవాళ్ల నోట కూడా వినిపిస్తోంది. కానీ రూల్ అప్పుడు పుట్టింది కాదు. 2012 నాటి జీవో 168లోనే 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువులకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటలకి 9 మీటర్లు బఫర్‌గా వదలాలని ఉంది. చెరువుల మ్యాపులు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) సైట్‌లో పెట్టి ఉన్నాయి. ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. చూడాలన్న ఆలోచన రావడానికే పక్కన ఒక అనుభవం ఉన్న మనిషి కావాలి.

రెండోవాడు సర్వేయర్, వీలైతే మండలంలో పనిచేసి రిటైరైనవాడు. వీళ్ల దగ్గరికి ఎవరూ సలహాకి వెళ్లరు, కొలతలకి తప్ప. కానీ ఫలానా సర్వే నంబర్‌లో పట్టా భూమి ఎంత, శిఖం (చెరువు భూమి) ఎంత, ఎక్కడ ఇనాం (పాతకాలంలో బహుమానంగా ఇచ్చింది), ఎక్కడ అసైన్డ్ (ప్రభుత్వం పేదలకి ఇచ్చింది), ఏ రెండు నంబర్ల మధ్య హద్దు గొడవ నడుస్తోంది అన్నది వాళ్లకి నోటికి వచ్చు. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ ఎందుకు అడుగుతారో, మొదటి సర్వే రికార్డు సేత్వార్‌కీ ఇప్పటి విస్తీర్ణానికీ తేడా వస్తే ఏమనుకోవాలో అర్థమయ్యేలా చెప్పగలిగేది వీళ్లే. ఒక ఆదివారం పొద్దున్న కారులో ఎక్కించుకుని మీరు చూడాలనుకున్న ఏరియా తిప్పి, మధ్యాహ్నం భోజనం పెట్టించి, ఆయన రోజు కూలి ఎంతో అంతకి రెట్టింపు చేతిలో పెట్టండి. సెమినార్ ఫీజులో అది ఏ మూలకి.

మూడోవాళ్ల గురించి చెప్తే చాలామంది నవ్వుతారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ట్రెజరర్. మీరు ఫ్లాటు కొని అద్దెకి ఇవ్వాలనుకుంటే ఆ ఏరియాలో ఈయనకి మించిన గురువు లేడు. ఏ బ్లాక్‌లో ఫ్లాట్లు నెలల తరబడి ఖాళీగా ఉంటున్నాయి, బిల్డర్ కార్పస్ ఫండ్ (మెయింటెనెన్స్ నిధి) అప్పగించాడా లేదా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి) వచ్చిందా, వేసవిలో నెలకి ట్యాంకర్ల బిల్లు ఎంత, లిఫ్ట్ ఏడాదిలో ఎన్నిసార్లు ఆగింది... అన్నీ ఆయన రిజిస్టర్‌లోనే ఉంటాయి. సేల్స్ ఆఫీసులో మీకు చూపించేది మోడల్ ఫ్లాట్. ఈయన చూపించేది ఆ బిల్డర్ అయిదేళ్ల క్రితం కట్టిన బిల్డింగ్ ఇవాళ ఎలా ఉందో. రెరా చట్టంలో అప్పగించిన తేదీ నుంచి అయిదేళ్ల దాకా నిర్మాణ లోపాలకి బిల్డరే బాధ్యుడని ఉంది. ఆ హామీని రాబట్టడానికి అసోసియేషన్ ఎన్ని ఉత్తరాలు రాయాల్సి వచ్చిందో కూడా అడగండి. కడుపులో ఉన్నదంతా చెప్పేస్తారు, ఆపడమే కష్టం.

సీఏ కూడా అవసరమే, దాని గురించి ఎక్కువ చెప్పను. మీకు ఇప్పటికే ఒకరు ఉండే ఉంటారు.

బ్యాంకు మనిషిగా ఒక మాట. "బ్యాంక్ లోన్ వస్తోందంటే టైటిల్ క్లియర్ అన్నట్టే" అని హైదరాబాద్‌లో ప్రతి మీడియేటర్ అంటాడు. బ్యాంకు చూసేది తన డబ్బు తిరిగి వస్తుందా అని. మీ జీతం చూస్తుంది, మీ సిబిల్ స్కోర్ చూస్తుంది, వాల్యూ కన్నా తక్కువే అప్పిస్తుంది. ఆస్తికి తేడా వస్తే ముందు పోయేది మీ మార్జిన్ మనీ (మీరు చేతి నుంచి పెట్టింది), ఆ తర్వాత కూడా ఈఎంఐ కట్టాల్సింది మీరే. లోన్ శాంక్షన్ లెటర్‌ని మంచి సంకేతంగా తీసుకోండి, సర్టిఫికెట్‌గా తీసుకోకండి. ఇది కౌంటర్‌కి అటువైపు కూర్చుని చెప్తున్న మాట.

ఎవరైనా సరే, మెంటార్‌గా పెట్టుకునే ముందు కొన్ని అడిగి చూడండి. "మీరు ఈమధ్య ఎవరికైనా వద్దని చెప్పిన ఆస్తి ఒకటి చెప్పండి, ఎందుకు వద్దన్నారు?" అన్నది మొదటిది. నిజంగా పని తెలిసినవాడికి ఇలాంటివి డజను ఉంటాయి, ఉత్సాహంగా చెప్తాడు. అమ్మేవాడికి ఒక్కటీ ఉండదు, "అన్నీ మంచివే సార్, మన టైమింగ్‌ని బట్టి" అంటాడు.

తర్వాత, ఆయన కొన్నది కాకుండా అమ్మినది చెప్పమనండి. ఈ ఊళ్లో కొన్న కథలే అందరూ చెప్తారు. "కోకాపేటలో అప్పట్లో ఎకరం ఎంతో తెలుసా" అని మొదలెడతారు. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100 కోట్లు దాటింది, నిజమే. అది మీ 60 లక్షలకి ఏం నేర్పుతుంది? లెక్క ఇలా అడగండి. ఒకాయన 2014లో 30 లక్షలకి ప్లాటు కొని పదేళ్లకి, 2024 చివర్లో 75 లక్షలకి అమ్మాడనుకుందాం. రెండున్నర రెట్లు, వినడానికి బ్రహ్మాండం. రిజిస్ట్రేషన్, రాతకోతల ఖర్చులతో ఆయన పెట్టింది 32 లక్షలు. అమ్మేటప్పుడు మీడియేటర్‌కి 75 వేలు. పన్ను 2024 జూలై 23 తర్వాతి రూల్ ప్రకారం ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరని పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం కట్టినా, పాత ఆస్తి కాబట్టి ఇండెక్సేషన్‌తో 20 శాతం ఎంచుకున్నా, ఈ లెక్కలో సుమారు అయిదున్నర లక్షల దగ్గరే తేలుతుంది. చేతికి వచ్చేది 69 లక్షలకి కాస్త తక్కువ. ఏడాదికి దాదాపు 8 శాతం పడింది. మధ్యలో అద్దె లేదు, ప్రహరీ ఖర్చు వేరే, కబ్జా అవుతుందేమోనన్న టెన్షన్ వేరే. నష్టమేమీ లేదు, మంచి రాబడే. కానీ సెమినార్లలో చెప్పే "డబ్బులు మూడింతలు" మాత్రం కాదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించగలిగినవాడు దొరికితే వదలకండి. "మన హైదరాబాద్‌లో భూమికి తిరుగులేదు" అంటూ లెక్క దాటేసేవాడితో టీ తాగి వచ్చేయండి.

మూడోది క్యాష్ గురించి. రిజిస్ట్రేషన్ విలువ ఇంత, మిగతాది బ్లాక్‌లో ఇవ్వాలి అని అమ్మేవాళ్లు అడిగితే ఏం చేయాలని అడగండి. ఆస్తి లావాదేవీలో 20 వేలు, ఆ పైన అడ్వాన్స్ నగదుగా తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాడికి తీసుకున్నంతా జరిమానా పడొచ్చు. పైగా రేపు మీరు అమ్మినప్పుడు, మీ కాగితాల్లో కొన్న ధర తక్కువ ఉంటుంది కాబట్టి ఆ తేడాకి పన్ను మీ నెత్తినే. "అందరూ అలాగే చేస్తారు, మీరేమీ భయపడకండి" అనే మెంటార్ మీకొద్దు. జీతం మీద టీడీఎస్ కట్ అయ్యే మనిషికీ, వ్యాపారం చేసుకునే మనిషికీ ఇక్కడ పోలిక కుదరదు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది గ్రూపు కొనుగోళ్ల దగ్గర. మెంటారింగ్ గ్రూపులన్నీ ఏదో ఒకరోజు ఇటే తిరుగుతాయి. మొదట వాట్సాప్ గ్రూప్, తర్వాత సైట్ విజిట్, ఆ తర్వాత "పదిమందిమి కలిసి రెండెకరాలు తీసుకుందాం, అగ్రిమెంట్ నా పేరు మీద ఉంటుంది, మీకందరికీ ఎంఓయూ రాసిస్తా". ఆ ఎంఓయూ (అవగాహన ఒప్పందం) మీద మీకు భూమిలో హక్కు రాదు. జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) చేసిస్తామన్నా అంతే, జీపీఏ మీద అమ్మితే యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఇంకో రూపం ప్రీలాంచ్. అపార్ట్‌మెంట్ ఇంకా లేదు, పర్మిషన్ లేదు, రెరా నంబర్ లేదు, "మొత్తం డబ్బు ఇప్పుడే కడితే సగం రేటు, స్థలంలో అవిభాజ్య వాటా రిజిస్టర్ చేస్తాం" అంటారు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ ఎనిమిది ఫ్లాట్లకు మించి గానీ కడితే, రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడానికే వీల్లేదు, అమ్మడం మాట అటుంచండి. రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఈ రెండు రూల్సూ తెలిసి కూడా మీ చేత చెక్ రాయించే మనిషి ఎంత ఆప్యాయంగా మాట్లాడినా మెంటార్ కాదు.

ఫార్మ్ ప్లాట్లూ ఇదే కోవలోవి. మంజూరైన లేఔట్ లేకుండా 20 గుంటల కన్నా చిన్న ముక్కలు చేసి అమ్మడం కుదరదు, గుంట అంటే 121 గజాలు. "మూడు గుంటలు, మామిడి మొక్కలు, వీకెండ్ రిసార్ట్" బ్రోచర్ చూడగానే ఈ అంకె గుర్తుతెచ్చుకోండి.

ఇప్పుడు టైమ్ గురించి. ఆదివారం ఒక్కటే ఖాళీ అంటున్నారు కాబట్టి మెంటార్ టైమ్ కన్నా మీ టైమ్‌ని ముందు సర్దుకోవాలి. హైదరాబాద్ మొత్తం చూస్తానంటే కుదరదు. ఒక దిక్కు, ఒక రకం ఆస్తి, ఒక బడ్జెట్ తేల్చుకోండి. "మేడ్చల్ రోడ్డు వైపు, హెచ్‌ఎండీఏ ఫైనల్ లేఔట్‌లో 150 నుంచి 200 గజాలు" అన్నారనుకోండి, ఆ మాట విన్న పెద్దాయనకి మీకు ఎవరిని పరిచయం చేయాలో వెంటనే తడుతుంది. "ఏదైనా మంచిది ఉంటే చెప్పండి" అంటే తట్టదు.

రాత్రి తొమ్మిది తర్వాత లాప్‌టాప్ ముందు చేసుకోగలిగినవి చాలా ఉన్నాయి. వాటికి ఎవరి టైమూ తినకండి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 1983 నుంచి ఈసీ దొరుకుతుంది. అక్కడే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితా ఉంటుంది, అదే 22-ఏ అంటారు. రెరా సైట్‌లో ప్రాజెక్టు పేజీతో పాటు ఫిర్యాదుల మీద ఇచ్చిన ఉత్తర్వులు కూడా ఉంటాయి. నన్నడిగితే నెల రోజుల పాటు రోజుకో ఉత్తర్వు చదవండి. కొన్నవాళ్లు ఎక్కడ దెబ్బతిన్నారో, బిల్డర్లు ఏమని వాదించారో అన్నీ అందులోనే ఉంటాయి. పైసా ఖర్చు లేని క్లాసు ఇంతకన్నా లేదు. ఇవన్నీ తీసి, పీడీఎఫ్‌లు వరుసలో పెట్టి, మీకు అర్థం కానివి మూడు నాలుగు రాసుకుని శుక్రవారమే వాట్సాప్ చేయండి. ఆదివారం అరగంట అడగండి. ఇలా తయారై వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి రెండోసారి వాళ్లే పిలుస్తారు.

వెంచర్ సైట్ చూడటానికి మాత్రం ఆదివారం పనికిరాదు. ఆదివారం అక్కడ షామియానా, బిర్యానీ, లక్కీ డ్రా తప్ప ఇంకేమీ కనబడవు. మీ ఆవిడకి డ్యూటీ లేని వారపు రోజు ఒకటి చూసుకుని, సగం పూట సెలవు పెట్టి, ఆఫీసు వదిలే టైమ్‌కే బయల్దేరి వెళ్లండి. వర్షాకాలమైతే ఇంకా మంచిది. బ్రోచర్‌లో "ఓఆర్‌ఆర్ ఎగ్జిట్ నుంచి 10 నిమిషాలు" అన్నది ఎంతసేపో, రోడ్డు మీద నీళ్లు ఎటు పోతున్నాయో అప్పుడే తెలుస్తుంది. లేఔట్‌లో ఇంకొకటి చూడండి. హెచ్‌ఎండీఏ లేఔట్లలో 15 శాతం ప్లాట్లు పనులు పూర్తయ్యేదాకా హెచ్‌ఎండీఏకి తాకట్టులో ఉంటాయి. మీకు చూపిస్తున్న ప్లాటు నంబర్ ఆ జాబితాలో ఉందేమో మంజూరు పత్రం తెప్పించుకుని సరిచూసుకోండి. మీ ఆవిడ కూడా అన్నిటికీ ఉండాలి, కనీసం కాగితాలు చదివే రోజైనా. ఒకరే నేర్చుకుని ఇంకొకరికి చెప్పడం మొదలెడితే, చివరికి నిర్ణయం బావమరిది చేతుల్లోకి వెళ్తుంది. చాలా ఇళ్లలో చూశాను.

డబ్బు విషయంలో మన పెద్దవాళ్లతో ఒక చిక్కు ఉంది. "అయ్యో, నీ దగ్గర డబ్బులేంటి" అంటారు. ఒకసారి సరే. ఊరికే వస్తోంది కదా అని నాలుగోసారి కూడా వెళ్తే ఫోన్ ఎత్తరు, ఎత్తినా మొక్కుబడిగా చెప్తారు. లాయర్, సర్వేయర్ అయితే ఫీజు ఎంతో ముందే అడిగి ఇచ్చేయండి. తీసుకోని పెద్దాయనైతే ఆయనకి కష్టమైన పని ఒకటి మీరు నెత్తిన వేసుకోండి. అద్దె రసీదుల లెక్కో, 50 లక్షలు, ఆ పైన ఆస్తి కొన్నప్పుడు కోసే ఒక శాతం టీడీఎస్‌ని ఆన్‌లైన్‌లో కట్టడమో, పాత డాక్యుమెంట్లన్నీ స్కాన్ చేసి పేర్లు పెట్టి దాచడమో. ఆ స్కానింగ్ చేస్తూ ఆయన పాత ఫైళ్లు మీరు చదువుతారు చూడండి, ఆ లాభం నేను మాటల్లో చెప్పలేను.

ఇంత తిరిగే ఓపిక లేదనిపిస్తే అందులో తప్పేమీ లేదు. స్టాక్ ఎక్స్‌చేంజీలో లిస్టయిన రీట్లు (అద్దెలొచ్చే భవనాల్లో వాటాలు అమ్మే ట్రస్టులు) ఉన్నాయి, మాదాపూర్ మైండ్‌స్పేస్‌లోని ఆఫీసు భవనాలు కూడా అలాంటి ఒక రీట్‌లోనే ఉన్నాయి. ఒక్కో యూనిట్ కొనుక్కోవచ్చు, కబ్జా భయం లేదు, ధర పెరగడం తగ్గడం మాత్రం షేర్లలాగే ఉంటుంది. కొంత డబ్బు అటు పెట్టి మిగతాదానికి తీరిగ్గా ప్లాటు వెతుక్కోవడం చాలామందికి నప్పింది. మెంటార్లు ఈ మాట చెప్పరు, కమీషన్ ఉండదు కదా.

చివరికి కొలీగ్ వాళ్ల బాబాయ్. ఆయన్ని వదులుకోకండి, కానీ మెంటార్ కుర్చీలో కూర్చోబెట్టకండి. ప్లాట్లు చేసేవాళ్ల దగ్గర రేట్ల సమాచారం నికార్సుగా ఉంటుంది. నిన్న ఎవరు ఎంతకి అమ్మారు, ఎవరు అవసరంలో ఉన్నారు అన్నది మీకు నెట్‌లో దొరకదు. వెళ్లి కలవండి, సూటిగా చెప్పండి: "బాబాయ్ గారూ, మీ ద్వారా కొంటే మీ కమీషన్ ఎక్కడికీ పోదు. కాగితాలు మాత్రం మా లాయర్ చూశాకే బయానా." ఆ మాటకి ఆయన ఏమంటారో గమనించండి. "మనోళ్లమే కదా, కాగితాలకేం తొందర, ముందు టోకెన్ వేసేయండి, వేరేవాళ్లు చూస్తున్నారు" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి, కొలీగ్‌తో స్నేహం చెడకుండా. "తప్పకుండా చూపించుకోండి" అని లింక్ డాక్యుమెంట్ల జిరాక్సులు ఆ వారంలోనే పంపిస్తే, లాయర్ పక్కన కూర్చుని చదవాల్సిన మొదటి ఫైల్ అదే కావచ్చు. అది వ్యవసాయ భూమి నుంచి వచ్చిన ప్లాటైతే, ఈసీ ఒక్కచోట తీసి ఆగిపోకండి. 2020 నవంబర్ నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ ఆఫీసులోనే జరుగుతున్నాయి, ఆ లావాదేవీలు అప్పట్లో ధరణి పోర్టల్‌లో, ఇప్పుడు భూభారతి పోర్టల్‌లో కనబడతాయి. రిజిస్ట్రేషన్ శాఖ ఈసీలో ఖాళీగా ఉన్న ఆ కాలాన్ని అక్కడ కూడా చూసి, రెండు ప్రింట్లూ ఫైల్‌లో పెట్టుకుని వెళ్లండి.